మిద్దె కాగితం మీద ఎవరి పేరుంది?

(మడకశిరలో ఇటీవల జరిగిన దళిత ఉపాధ్యాయుల, యువకుల కూటంలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని ఆర్డీటీ గురించి, దాన్ని పెట్టిన ఫాదర్ ఫెర్రర్ గురించి మాట్లాడమన్నారు. ఈ సీమలో ఇంతకంటే సులువైన పని లేదు, ఇంతకంటే కష్టమైన పనీ లేదు. మన కాలనీల్లో ఏ గడప తొక్కినా ఆ సంస్థ మాట వినపడుతుంది, కాబట్టి సులువు. ఆయన పేరెత్తితే చాలు ప్రసంగం కాస్తా హారతి పాట అయిపోతుంది, కాబట్టి కష్టం. దేవుడు, మహానుభావుడు, కరువు సీమకు దిగొచ్చిన దూత, ఈ మాటలన్నీ మీరు చాలా సభల్లో విన్నారు. వినీ వినీ పిల్లలు ఆవలిస్తున్నారు కూడా. మేము ఒక్క ప్రశ్న పట్టుకొని వచ్చినాము. మనకు మేలు చేస్తామని వచ్చే ఏ సంస్థనైనా అడగాల్సిన ప్రశ్న అది. అయ్యా, బల్లకు ఇవతల చెయ్యి చాపి నిలబడేది ఎప్పుడూ మేమే గదా, బల్లకు అవతల కూర్చొని లెక్క రాసేది ఎవరు?

ఇది మేము కొత్తగా కనిపెట్టిన ప్రశ్న కాదు, బాబాసాహెబ్ అడిగిందే. 1932లో పూనా ఒడంబడిక అయిన వెంటనే గాంధీ గారి పూనికతో అంటరానితనం పోగొట్టే సంఘమొకటి పుట్టింది. దానికే తర్వాత హరిజన సేవక సంఘం అని పేరు. ఆ నవంబరులో రౌండ్ టేబుల్ సమావేశానికి పోతూ అంబేడ్కర్ ఓడలో కూర్చొని దాని కార్యదర్శి ఠక్కర్ గారికి పెద్ద ఉత్తరం రాసినాడు. సబ్బులు పంచడం, మంచి అలవాట్లు నేర్పడం కాదు ముందు పని. ఊరి బావిలో నీళ్ళు తోడుకునే హక్కు, ఊరి బడిలో కూర్చునే హక్కు కోసం ఊరూరా కొట్లాడే పని పెట్టుకోండి, ఆ పనికి మావాళ్ళనే తీసుకోండి. ఉత్తరం సారాంశమిది. సంఘం ఆ దారిన పోలేదు. పాలకవర్గంలో మనవాళ్ళకు చోటెందుకు లేదని అడిగితే, ఇది సవర్ణులు చేసుకునే ప్రాయశ్చిత్తం, అప్పు తీర్చాల్సింది వాళ్ళు, అని జవాబొచ్చింది. అప్పు తీర్చేటోడే లెక్క పుస్తకం కూడా పట్టుకుంటే, ఎంత తీరిందో ఎవరు చెప్పాల? 1945లో అచ్చయిన తన పుస్తకంలో బాబాసాహెబ్ ఈ సంఘాన్ని మళ్ళీ నిలదీసినాడు.

మనవాళ్ళు తమ సంస్థలు తామే పెట్టుకున్న చరిత్ర కూడా ఉంది. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1906లోనే జగన్మిత్ర మండలి పెట్టినాడు. మాలమాదిగ పేటల్లో బడులు నడిపినాడు, జోగిని దురాచారం మీద, కులపెద్దల తాగుడు తిండి తీర్పుల మీద కొట్లాడినాడు. 1924లో అంబేడ్కర్ బొంబాయిలో బహిష్కృత హితకారిణి సభ పెట్టినాడు, 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టినాడు. ఇవన్నీ ఎందుకు చెబుతున్నామంటే, ట్రస్టు అనగానే తెల్లదొర గుర్తుకు రావాల్సిన పనేమీ లేదు.

సరే, తెల్లాయన సంగతికి వద్దాం.

విసెంతె ఫెర్రర్ 1920 ఏప్రిల్ 9న స్పెయిన్ లోని బార్సిలోనాలో పుట్టినాడు. ఫాదర్ అంటే చర్చీలో పెరిగి చర్చీలో పండిన మనిషనుకుంటారు. కాదు. పదహారేండ్లకే వామపక్ష పార్టీలో చేరినాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో రిపబ్లిక్ పక్షాన సైన్యంలో ఉన్నాడు, ఎబ్రో నది దగ్గర జరిగిన పెద్ద యుద్ధం చూసినాడు. ఫ్రాంకో గెలిచినాడు, ఈయన పక్షం ఓడింది. సరిహద్దు దాటి ఫ్రాన్సులో శరణార్థి శిబిరంలో పడినాడు, తిరిగొస్తే సొంత దేశంలో నిర్బంధ శిబిరం. ఆ తర్వాత 1944లో జెస్యూట్ సంఘంలో చేరినాడు. 1952లో బొంబాయిలో దిగినాడు. అప్పుడు మన రాయలసీమలో గంజి కేంద్రాల ముందర జనం బారులు తీరుతున్నారు. ఆ సంగతి ఆయనకు అప్పటికి తెలీదు లెండి.

ఆయన పని మొదలైంది మహారాష్ట్రలో, నాసిక్ జిల్లా మన్మాడ్ లో. ఈ పేర్లు మనం ఊరికే దాటిపోగూడదు. 1930లో కాలారామ్ గుడి ముందర మనవాళ్ళు సత్యాగ్రహం చేసింది నాసిక్ లో. హిందువుగా పుట్టినాను గాని హిందువుగా చావను అని 1935లో బాబాసాహెబ్ ప్రకటించిన యేవలా ఆ జిల్లాలోదే, మన్మాడ్ కు దగ్గర్లోనే. 1938లో రైల్వేలో పనిచేసే అంటరాని కులాల కార్మికులను కూర్చోబెట్టి, మీ శత్రువులు ఇద్దరు, బ్రాహ్మణవాదం ఒకటి, పెట్టుబడిదారీ విధానం ఒకటి, అని ఆయన చెప్పింది ఆ మన్మాడ్ లోనే. ఫెర్రర్ కాలు పెట్టిన నేల అప్పటికే నోరు విప్పిన నేల. ఆయన జీవితం రాసేవాళ్ళు ఈ ముక్క రాయరు. ఆయన రాకముందు అక్కడ చీకటి ఉండేదన్నట్టు రాస్తారు.

మన్మాడ్ లో ఆయన చేసిన పని బావులు. రైతు బావి తవ్వుకుంటానంటే అప్పిస్తాడు, పని జరిగినన్నాళ్ళు తిండికి గోధుమలు, నూనె ఇస్తాడు, వడ్డీ లేదు. ఈ ఏర్పాటుకు జనం వేల సంఖ్యలో కదిలినారు. కదిలితే ఏమవుతుంది? వడ్డీలకిచ్చేటోడికి మండుతుంది, రాజకీయ పెద్దలకు కన్ను పడుతుంది. మతం మార్చడానికి వచ్చినాడన్నారు. 1968లో దేశం విడిచి పొమ్మని ఉత్తర్వు ఇచ్చినారు. అప్పుడు వేలమంది రైతులు ఆయన కోసం బొంబాయి దారి పట్టినారు. ఇందిరా గాంధీ మధ్యేమార్గం చూసింది. కొన్నాళ్ళు విశ్రాంతికి పోయిరండి, మళ్ళీ రావచ్చు, అన్న తీరులో మాట ఇచ్చింది. ఆయన స్పెయిన్ పోయి 1969లో తిరిగొచ్చినాడు. మహారాష్ట్రలో ఇక కుదరదు. చోటిచ్చింది ఆంధ్రప్రదేశ్. వచ్చి దిగింది అనంతపురంలో.

ఎందుకు అనంతపురం? మనకు తెలిసిందే గదా. నైరుతి వానలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి, ఈశాన్య వానలు కోస్తాలోనే సగం కురిసి మన దాకా వచ్చేసరికి నీరసపడతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర వాన. అదీ శెనక్కాయ ఊడ దిగేటప్పుడు పడదు, పీకేటప్పుడు పడుతుంది. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో మనదొకటని చిన్న పిల్లోడు కూడా చెబుతాడు. అయితే ఒక మాట. కరువు మబ్బుల వల్ల వస్తుంది గాని, కరువులో ఎవరు ముందు పస్తుండాలనేది మబ్బులు తేల్చవు. మడకశిరలో వక్కతోట ఉన్నోడికీ కరువే, ఆ తోటలో జీతానికున్నోడికీ కరువే. ఇద్దరిదీ ఒకటే కరువా?

1969లో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పెట్టినారు. 1970లో ఫెర్రర్ జెస్యూట్ సంఘం వదిలేసి, అన్నే పెర్రీ అనే ఇంగ్లీషు ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. ఆమె బొంబాయిలో పత్రికా విలేకరిగా ఉండి ఆయన పని చూసి వెంట వచ్చినామె. అంటే మన జిల్లాలో పనిచేసిన కాలమంతా దాదాపు ఆయన చర్చీ ఫాదరు కాదు. జనం మాత్రం ఫాదర్ అన్న పిలుపు వదల్లేదు. మతం మార్పిడి అని ఇవాళ్టికీ అనేవాళ్ళకు ఈ సంగతి తెలిసినా తెలియనట్టే ఉంటారు. మేము ఆ బళ్ళో చదివిన వాళ్ళమే. ఎక్కాలు చెప్పించినారు, ప్రార్థన చెప్పించలేదు.

మొదట్లో ఇక్కడ కూడా బావులే. ఇక్కడే అసలు చిక్కు. బావి తవ్వాలంటే చేను ఉండాల. చేను ఎవరికుంది? మాదిగ కేరిలో బావికి అప్పిస్తామంటే, అయ్యా ముందు తవ్వడానికి జాగా చూపించు అంటారు. కాబట్టి రైతుకు నీళ్ళొచ్చినాయి, మనకు ఆ రైతు చేలో కూలి దొరికింది. ఏ మంచి మనిషి మంచి మనసుతో పథకం వేసినా, ఊరి నిర్మాణం తెలుసుకోకపోతే ఆ నీళ్ళు పల్లానికి కాదు, మిట్టకే పారతాయి. ఫెర్రర్ గొప్పతనం ఏందంటే దాన్ని గ్రహించినాడు. డెబ్బైల చివరి నుంచి సంస్థ ముఖం మన కాలనీల వైపు, తండాల వైపు తిరిగింది. మాకు సంబంధించినంత వరకు ఆర్డీటీ చరిత్ర అక్కణ్ణుంచే మొదలు.

ఏం వచ్చింది మన కేరికి? మొదట వచ్చింది బడి. పగటి బడి ఊళ్ళో ఉంది. అది గుడి పక్కనో, రచ్చబండ పక్కనో ఉంటుంది. మన పిల్లోడు అక్కడికి పోవాలంటే సగం ఊరు దాటాల, సగం మాటలు పడాల. పోయినా చివర్లో కూర్చోవాల. ఇంట్లో దీపం లేదు, అక్షరం తెలిసిన మనిషి లేడు. పైగా మడకశిర పిల్లోడికి ఇంకో తంటా. మూడు పక్కలా కర్ణాటక. ఇంట్లో అమ్మ ‘ఊట ఆయ్తా’ అని అడుగుతుంది, బడి పుస్తకంలో అన్నం తిన్నావా అని ఉంటుంది. రొళ్ళ, అగళి, అమరాపురం, గుడిబండ, యాడికి పోయినా ఇదే. ఇన్ని మెట్లెక్కలేక మూడో తరగతిలోనే పిల్లోడు గొర్రెల వెంట పోయేవాడు.

ఆర్డీటీ బడి మన కేరిలోనే పెట్టినారు. పొద్దున పగటి బడికి ముందు కాసేపు, పొద్దుగుంకినాక కాసేపు. చెప్పేది మన మధ్య మనిషే, పదో తరగతి గట్టెక్కిన మన అన్నో, అక్కో. వాళ్ళకు బీఈడీలు లేవు. మాకున్నాయి, మేము బీఈడీలు చేసినాము, ఎంఏలు చేసినాము, ప్రభుత్వ బళ్ళో నెల జీతం తీసుకుంటున్నాము. అయినా నిజం చెప్పాల. ఆ లాంతరు కింద కన్నడంలో అర్థం చెప్పి తెలుగులో రాయించిన ఆ అక్క కంటే మంచి టీచరు మా ట్రైనింగులో మాకు కనపడలేదు. ఇవాళ ఈ కూటంలో కూర్చున్న మనలో తమ ఇంట్లో మొదట డిగ్రీ తీసుకున్నోళ్ళు ఎందరు? చేతులు ఎత్తండి. చూడండి, దించినోళ్ళు లేరు.

ఆ బడి ఇంకో పని చేసింది. ఆ గది మన కేరికి మొదటి రచ్చబండ అయింది. సంఘం మీటింగు అక్కడే, తగువు తీర్చేది అక్కడే, ఏప్రిల్ 14న దండ వేసేది అక్కడే. బాబాసాహెబ్ పటం మొదట ఆ గోడకే తగిలించినాము.

రెండోది మిద్దె. బోద కొట్టాల్లో పుట్టినోళ్ళం. ఎండాకాలం నిప్పు పడితే కేరి మొత్తం బూడిద. వానకు తడిసిన కొట్టంలో తల్లి పిల్లను ఒళ్ళో పెట్టుకొని తెల్లవార్లు మూల మార్చి మూల కూర్చునేది. గవర్నమెంటు ఇచ్చిన జాగా పట్టాలో సంస్థ ఇల్లు కట్టించింది, ఇంటోళ్ళు కూడా రాళ్ళు మోసినారు, పునాది తవ్వినారు. అయితే ఇటుకల కంటే ముఖ్యమైన సంగతి ఉంది. ఇల్లు ఆడమనిషి పేరున. ఎందుకని అడిగితే, మగోడి పేరున పెడితే సారా అంగడికి తాకట్టు పోతుంది అనేవాళ్ళు. నిజమే గాని, మాకు అంతకంటే పెద్ద కారణం కనపడుతుంది. మాదిగ ఆడమనిషి పేరు అంతవరకు ఏ కాగితం మీదా లేదు. భూమి కాగితం మీద లేదు. కూలి పుస్తకంలో ఫలానావాని పెండ్లాం అని ఉండేది. దొర నోట్లో ఏమని ఉండేదో ఇక్కడ చెప్పలేము. అట్లాంటి మనిషి పేరు, ఇంటిపేరుతో సహా, ఇంటి కాగితం మీదికి ఎక్కింది. మొగుడు కొట్టి బయటికి పో అంటే, ఇల్లు నాది, నువ్వే పో, అనగలిగిన ఆడోళ్ళు మన కాలనీల్లో ఉన్నారు. ఎనభైలలో మొదలైన మహిళా సంఘాలు ఈ కాగితానికి గొంతునిచ్చినాయి.

ఆసుపత్రి సంగతి పొడుగ్గా చెప్పము. బత్తలపల్లి ఆసుపత్రి 2000లో మొదలైంది, కళ్యాణదుర్గం, కణేకల్లులో కూడా పెట్టినారు. కాన్పుకు బత్తలపల్లి పోయిరాని ఇల్లు ఈ జిల్లాలో తక్కువ. మూడు వేలకు పైగా ఊళ్ళలో సంస్థ పని ఉందంటే దాని వేళ్ళు ఎంత దూరం పోయినాయో మీరే లెక్క వేసుకోండి.

ఇప్పుడు మా ప్రశ్నకు వద్దాం. డబ్బు యాడిది? ఎక్కువ భాగం స్పెయిన్ నుంచి. అక్కడ 1996లో ఫెర్రర్ పేరున ఫౌండేషన్ పెట్టినారు. ఒక్కో కుటుంబం మన పిల్లోడొకడి పేరున నెల నెలా కొంత పంపుతుంది. ఆ డబ్బు అంతా పిల్లోడి చేతికి రాదు. ఊరి బడికి, ఇళ్ళకు, ఆసుపత్రికి పోతుంది. ఈ పద్ధతి మంచిదే. లేకపోతే ఒకే కేరిలో దాత దొరికినోడు, దొరకనోడు అని రెండు కులాలు పుట్టేవి. స్పెయిన్ లో ఇచ్చేవాళ్ళు కూడా కోటీశ్వరులు కారు. బస్సు నడిపేటోళ్ళు, టీచర్లు, పింఛను ముసలివాళ్ళు అందులో ఉన్నారు. వాళ్ళ మీద మాకు గౌరవం ఉంది. అయితే మన పిల్లోడు ఏడాదికొకసారి కూర్చొని, ఎన్నడూ చూడని దొరసానికి బొమ్మ వేసి, బాగున్నాను, దండాలు, అని జాబు రాస్తాడు. ఆ జాబులు చూస్తే మాకు గొంతులో ఏదో అడ్డం పడుతుంది. పదేండ్ల పిల్లోడికి చదువు హక్కు. హక్కుకు దండం పెట్టించగూడదు. ఇది సంస్థ తప్పని మేము అనడం లేదు. ఆ పిల్లోడికి రావాల్సింది ఇవ్వని ప్రభుత్వం ఏ జాబూ రాయకుండా తప్పించుకుంటోంది, అది మా బాధ.

ఎస్సీ సబ్ ప్లాన్ చట్టం 2013లో వచ్చింది. మన జనాభా ఎంతో అంత వాటా బడ్జెట్ లో మనకు పెట్టాలని చట్టం. ఆ డబ్బు మన కేరికి ఎంత వచ్చిందని మండలాఫీసుకు పోయి అడిగినోళ్ళు మనలో ఎందరు? ఇప్పుడు చేతులు లేవడం లేదు. ఆర్డీటీ ఇల్లు ఎప్పుడిస్తుందని అడగడం మనకు అలవాటైంది గాని, సర్కారు వాటా ఏమైందని అడగడం అలవాటు కాలేదు. పెట్టేవాడు ఒకడుంటే అడగాల్సినోణ్ణి మర్చిపోతాము. మడకశిర 2009 ఎన్నికల నుంచి ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. మనవాళ్ళే అసెంబ్లీకి పోతున్నారు. పోయినోళ్ళ చేతికి సబ్ ప్లాన్ లెక్క పుస్తకం ఇచ్చి చదివించే బాధ్యత మనది.

ఇంకో సంగతి. ఆర్డీటీ ఇల్లిచ్చింది, బడిచ్చింది, కాన్పు చేసింది. భూమి ఇవ్వలేదు, ఇవ్వలేదు కూడా. భూమి కోసం కొట్లాడటం ట్రస్టు రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఉండదు. రెండు గ్లాసుల హోటలు మీద, గుడి మెట్ల మీద కొట్లాట కూడా అందులో ఉండదు. ఆ పని సంస్థ చేయలేదని తిట్టేవాళ్ళకు మేము చెప్పేది ఒకటే. అది సంఘం పని, మన పని. ఎద్దు పాలివ్వలేదని తిట్టి ఏం లాభం? అయితే ఆ ఎద్దు దున్నిన చేలో మనం విత్తనం వేసినామా లేదా, అది అడుక్కోవాల. బడి గది ఉంది, మహిళా సంఘం ఉంది, కాగితం మీద పేరుంది. వాటి మీద నిలబడి పట్టా భూముల కోసం కదిలినామా?

2009 జూన్ 19న ఫెర్రర్ పోయినాడు. 89 ఏండ్లు. బత్తలపల్లిలోనే మట్టి చేసినారు. స్పెయిన్ లో 1998లో యువరాజు పేరిట ఇచ్చే పెద్ద బహుమానం వచ్చినోడు, పోయేముందు మాత్రం మన ఎర్రమట్టినే కోరుకున్నాడు. జనం ఎట్లా వచ్చినారో మీకు గుర్తుంది. మాకు గుర్తున్నది ఇంకోటి. ఆ తర్వాత ఇంటింటికీ హుండీలు వచ్చినాయి. తల్లీదండ్రీ లేని పిల్లల కోసం మన కాలనీల్లోని మిద్దెల్లోనే రూపాయి, రెండు రూపాయలు వేసి నింపి ఇచ్చినారు. పుచ్చుకున్న చెయ్యి ఇచ్చే చెయ్యి అయింది. బల్లకు అవతలి పక్కకు మనం వేసిన మొదటి అడుగు ఆ మట్టి ముంత లాంటి హుండీయే అని మేము అనుకుంటాము. సంస్థలో మనవాళ్ళు ఉద్యోగాల్లోకి రావడం, ఊరి కమిటీల్లో కూర్చోవడం కూడా ఆ అడుగే. ఆ అడుగు ఇంకా పెద్దదవ్వాల.

ఎందుకవ్వాలో 2025లో తెలిసొచ్చింది. విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్ రెన్యూవల్ కాలేదన్న వార్త వచ్చింది. ఈ చట్టం మొదట వచ్చింది 1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో. 2010లో కొత్త చట్టం చేసి ప్రతి అయిదేండ్లకూ రెన్యూవల్ పెట్టినారు. 2020లో ఇంకా బిగించినారు. విదేశీ డబ్బంతా ఢిల్లీలో ఒకే స్టేట్ బ్యాంకు బ్రాంచిలో దిగాల, ఆఫీసు ఖర్చు నూటికి ఇరవై దాటగూడదు. అంటే ఢిల్లీలో ఒక సంతకం ఆగితే రొళ్ళలో సాయంత్రం బడి దీపం ఆరుతుంది. ఆ వార్తకు జనం ‘సేవ్ ఆర్డీటీ’ అంటూ రోడ్ల మీదికి వచ్చినారు, పార్టీలన్నీ మద్దతంటూ వచ్చినాయి. మేమూ నడిచినాము. నడిచి మంచి పనే చేసినాము. అయితే నడుస్తుంటే పక్కన ఒక ముసలమ్మ, ఫాదర్ బిడ్డలం అనాథలమైపోతిమి అని ఏడుస్తుంది. ఆమె ఏడుపు నిజం. ఆ మాట మాత్రం మేము ఒప్పుకోము. యాభై ఏండ్ల నుంచి మన చెమట, మన హుండీ, మన టీచర్లు, మన సంఘాలు అందులో ఉన్నాయి. దాన్ని కాపాడుకోవాల్సింది అనాథలుగా కాదు, వాటాదారులుగా. వాటాదారుడు దండం పెట్టడు, లెక్క చూపించమంటాడు, తన వంతు తెచ్చి వేస్తాడు.

ఢిల్లీ సంతకం ఏ మలుపు తిరిగినా, మన చేతిలో ఉన్న పని ఒకటుంది. ఈ నియోజకవర్గం అయిదు మండలాల్లో ప్రభుత్వ ఉద్యోగం చేసుకుంటున్న మాలమాదిగ టీచర్లు, కండక్టర్లు, నర్సులు, అటెండర్లు ఎందరో ఉన్నాము. మనలో చాలామంది కాలనీ వదిలి హిందూపురంలోనో, మడకశిర టౌనులోనో ఇండ్లు కట్టుకున్నాము. పిల్లల్ని ఇంగ్లీషు బడికి పంపుతున్నాము. పంపాల్సిందే. కేరిలో సాయంత్రం బడి మాత్రం ఇంకా స్పెయిన్ ముసలమ్మే నడపాలా?

లెక్క వేసినాము. సాయంత్రం బడికి కావలసింది ఒక గది, అది ఉంది. ఒక టీచరు, డిగ్రీ అయి ఖాళీగా ఉన్న చెల్లెండ్లు ప్రతి కాలనీలో ఉన్నారు. ఆమెకు నెలకు కొంత జీతం. పది మంది ఉద్యోగస్తులు నెలకు తలా అయిదు వందలు వేస్తే ఒక బడి నిలబడుతుంది. లెక్క పుస్తకం ఆ కాలనీ మహిళా సంఘం దగ్గరే ఉండాల, మన దగ్గర కాదు. నెలకొకసారి అందరి ముందర చదవాల. ఏ బడికీ దాత పేరు పెట్టగూడదు, మన పేర్లతో సహా. ఇది ఆర్డీటీకి పోటీ కాదు. వాళ్ళ బడి నడుస్తున్నచోట మనం తోడవుదాం, ఆగినచోట మనం నడుపుదాం.

పుస్తకం ఆ బల్ల మీద పెట్టించినాము. మూడు కాలనీలతో మొదలు, వచ్చే నెల ఒకటో తారీకు నుంచి. పేరు, ఊరు, నెలకు ఎంత వేయగలరో రాయండి. అయిదు వందలు కష్టమైతే వంద రాయండి. సంఘం అక్కలు బల్లకు అవతలి పక్కన కూర్చున్నారు, రసీదు వాళ్ళే ఇస్తారు.

జై భీమ్.